రైలు నడిపిందెవరు?

అమెరికా బానిసల విముక్తి అనగానే మనకో బొమ్మ చూపిస్తారు. అర్ధరాత్రి తలుపు చప్పుడు. దీపం పట్టుకుని ఒక తెల్లదొర తలుపు తీస్తాడు. గడప బయట నల్ల కుటుంబం వణుకుతూ నిలబడి ఉంటుంది. దొరది వెన్నలాంటి మనసు. కథ కంచికి.

మేం అడిగేది ఒక్కటే. ఆ గడప దాకా ఆ కుటుంబాన్ని తెచ్చిందెవరు?

దాన్ని 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' అన్నారు. పట్టాల్లేవు, ఇంజను లేదు. దాచే ఇల్లు స్టేషన్. దారి చూపే మనిషి కండక్టర్. పారిపోయే బానిస ప్రయాణికుడు. దక్షిణాది తోటల నుంచి ఉత్తరాదికి, ఇంకా పైకి కెనడాకి. చాలామంది మొదటి మజిలీ ఎవరి సాయం లేకుండానే నడిచారు. దారిలో గుప్పెడు తిండి పెట్టింది కూడా చాలాచోట్ల ఇంకా సంకెళ్లలో ఉన్న నల్లోళ్లే.

హారియట్ టబ్‌మన్ 1849లో మేరీలాండ్ నుంచి తప్పించుకుంది. బతికి బయటపడ్డాం చాలనుకోలేదు. దాదాపు 13 సార్లు వెనక్కెళ్లి సుమారు 70 మందిని తెచ్చింది. అక్షరం రాని మనిషి! శనివారం రాత్రి బయల్దేరదీసేది. సోమవారం దాకా పత్రికలో 'పారిపోయిన బానిస' ప్రకటన పడదు గనక. ఈ తెలివి ఏ దొర నేర్పాడు?

శిక్షల లెక్క కూడా చూడండి. డెలావేర్ రాష్ట్రంలో థామస్ గారెట్ అనే తెల్లాయనకి 1848లో జరిమానా పడింది. అదే రాష్ట్రంలో అదే పని చేసిన శామ్యూల్ బరిస్ నల్లవాడు, స్వతంత్రుడు. 1847లో పట్టుబడ్డాడు. అతనికి పడిన శిక్ష, తననే బానిసగా వేలం వేయడం! ఒకరికి డబ్బు పోయింది, ఒకరికి ఒళ్లే పోయింది. వేలంలో కొనుక్కున్నట్టు నటించి బరిస్‌ని విడిపించింది ఉద్యమ మిత్రుడే. మిత్రుల్లేరని మేం అనట్లేదు. కానీ ఆ రాష్ట్రం బరిస్‌కి క్షమాభిక్ష ఇచ్చింది ఎప్పుడో తెలుసా? 2015లో!

1850 చట్టం ఇంకా ఘోరం. పట్టుబడ్డ మనిషికి సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు, జ్యూరీ లేదు. బానిసే అని తేల్చి పంపిస్తే కమిషనర్‌కి 10 డాలర్లు, వదిలేస్తే 5. న్యాయానికి కట్టిన ధర అది!

ఇంత చేసినోళ్ల పేర్లేవి? 1898లో సీబర్ట్ అనే ప్రొఫెసర్ పుస్తకం రాసి 3,000కి పైగా పేర్లు చేర్చాడు. అత్యధికులు తెల్లవాళ్లే. అంతకు 26 ఏళ్ల ముందే, 1872లో, ఫిలడెల్ఫియా నల్లజాతి కార్యకర్త విలియం స్టిల్ పారిపోయి వచ్చినోళ్ల కథలన్నీ అచ్చేశాడు. 1850లో తన ఆఫీసుకొచ్చిన అపరిచితుడి గోడు వింటూ వింటూ, వాడు తల్లి వదిలి రావాల్సొచ్చిన తన సొంత అన్న పీటరేనని కనిపెట్టినవాడు స్టిల్. విడిపోయిన రక్తసంబంధాలు కలవాలనే ఆ వివరాలు రాసి, దాచి కాపాడాడు. పీడితుడు రాసుకున్న చరిత్ర అది.

ఆ మరుసటి ఏడే, 1873లో, మహాత్మా ఫూలే తన 'గులాంగిరి'ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా మంచి మనుషులకి అంకితమిచ్చారు. ఆ మాటని మేం నెత్తిన పెట్టుకుంటాం. అయితే 'మంచి మనుషులు' అన్నప్పుడు మా పిల్లలకి దీపం పట్టిన చెయ్యి ఒక్కటే కనబడితే చాలదు. టబ్‌మన్, బరిస్, స్టిల్ కనబడాలి. పేరు కూడా మిగలకుండా దారిలో పడిపోయినోళ్లు కనబడాలి.

తలుపు తీసినోళ్లకి దండం. నడిచొచ్చినోళ్ల పేర్లు ముందు రాయండి!