ఏజెన్సీ చట్టాలు ఎవరి కష్టార్జితం: తిరుమలాయపాలెం ప్రణాళిక

ఏజెన్సీ భూచట్టాలు ఏ ప్రభుత్వమూ దయతలచి ఇచ్చినవి కావు, ఆదివాసులు కొట్లాడి తెచ్చుకున్నవి. తిరుమలాయపాలెంలో ఈ ప్రణాళిక రాసుకుంటున్న మా అందరి నమ్మకం ఇది. చరిత్ర వరస చూడండి. మన్సబుదారు వేసిన పన్నుల మీద, అప్పుల పేరుతో భూములు కాజేసిన షావుకార్ల మీద 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. ఏజెన్సీ భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా మద్రాసు ప్రభుత్వం 1917లో చట్టం చేసింది. అయినా దోపిడీ ఆగక 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం మళ్లీ లేచింది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగిన తరవాతే సర్కారు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపి గోండుల కష్టమేమిటో విచారించింది, 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది. అప్పట్లో భద్రాచలం మద్రాసు కింద, పాల్వంచ, ఇల్లెందు నిజాం కింద ఉండేవి. తెల్లదొరలకూ నిజాముకూ ఒకే పాఠం నేర్పింది అడవి. ఆ పాఠానికే 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలులో చోటిచ్చింది.

చట్టం రాసింది అధికారులూ పండితులూ కదా, తిరగబడ్డవాళ్లు కాదు కదా అంటారు. నిజమే, హైమండార్ఫ్ నివేదిక విలువైనదే. కానీ జోడేఘాట్ లేకపోతే ఆయన్ని పిలిచేవాళ్లెవరు? 1959 నాటి భూ బదిలీ రెగ్యులేషన్ 1963లో తెలంగాణ ఏజెన్సీకి వచ్చినా పదును లేకుండానే ఉండిపోయింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగిలాక దాన్ని సవరిస్తూ 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అంటే 1/70 వచ్చింది. అది తెచ్చిన మార్పు భద్రాచలం స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో కళ్లకు కడుతుంది. అంతకుముందు షావుకారు వేలిముద్ర పడిన తెల్లకాగితం చూపిస్తే, చేతిలో ఏ కాగితమూ లేని కోయ రైతు తలవంచాల్సి వచ్చేది. 1/70 ఆ బరువును తిప్పేసింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే లెక్కతో భూ బదిలీ (ఎల్‌టీఆర్) కేసు మొదలవుతుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదంది.

ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న గిరిజనేతర పేదల గతేమిటన్న ప్రశ్నను మేం తోసిపుచ్చం. ఈ చట్టం రాకముందు సక్రమంగా జరిగిన బదిలీలకు అది వర్తించదని 1995లో సుప్రీంకోర్టే చెప్పింది. చట్టానికి నిజంగా భయపడాల్సింది గిరిజనుల పేర్ల మీద బినామీలు నడిపేవాళ్లు. పేదకు ఇల్లూ ఉపాధీ చూపాల్సింది సర్కారు, కోయల పొలం కోసి కాదు. ఇక 2020లో సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేయడంతో ఏజెన్సీ టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న రక్షణ పోయింది. గట్టి చట్టం లేకుండా జీవో మీద నిలబెట్టిన హక్కు ఎంత తేలిగ్గా కూలుతుందో అక్కడ తేలిపోయింది.

అందుకే మా డిమాండ్లు ఇవి. గ్రామసభ అడగకుండా 1/70లో ఒక్క అక్షరం మార్చకూడదు. 1996 పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన అధికారాలు గ్రామసభ చేతికి నిజంగా రావాలి. అర్హులైన పోడు రైతులందరికీ పట్టాలివ్వాలి. ఎల్‌టీఆర్ తీర్పుల్లో గెలిచిన భూమిని కాగితం మీద కాదు, పొలంలో హద్దులు పాతి అప్పగించాలి. మైదానం రైతులారా, ఏజెన్సీ భూమి చవగ్గా వస్తుందని ఎవరు ఆశపెట్టినా కొనకండి.