తాళం వేసిన ల్యాబు, ఆకాశంలో రేడియేషన్

ఉపగ్రహం మాట ఎత్తగానే మనోళ్లు ఒకసారి తల పైకెత్తి చూసి, మళ్లీ పనిలో పడతారు. అది పెద్ద చదువులోళ్ల యవ్వారం, మనకెందుకులే అంటారు. ఈ 'మనకెందుకులే' మనంతట మనకి పుట్టిన మాట కాదు. తరాల తరబడి మనకి నూరిపోసిన మాట. భీమునిపట్నం పేటల్లో, జాలరి వాడల్లో ఉన్నోళ్లం దీన్ని ఇక వదిలించుకోవాలి.

2023 ఫిబ్రవరి 10న శ్రీహరికోట నుంచి ఎస్సెస్సెల్వీ అనే చిన్న రాకెట్టు లేచింది. అది మోసుకెళ్లిన మూడు ఉపగ్రహాల్లో ఒకటి ఆజాదీశాట్-2. బరువు 8.7 కిలోలు, అంటే ఏడాది పిల్లంత. దాని తయారీలో దేశం నలుమూలల నుంచి సుమారు 750 మంది బడి ఆడపిల్లలు పాల్గొన్నారు. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ వాళ్లకి పని నేర్పింది. అంతకుముందు, 2022 ఆగస్టు 7న, సర్కారు బడుల ఆడపిల్లల చేతుల మీదుగా తయారైన మొదటి ఆజాదీశాట్‌ని రాకెట్టు సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. ఆర్నెల్లకి రెండోది వెళ్లింది, నిలబడింది.

దాని పనుల్లో ఒకటి అంతరిక్షంలో రేడియేషన్ కొలవడం. సూర్యుడి నుంచీ, ఎక్కడో దూరపు నక్షత్రాల నుంచీ కంటికి కనపడని రేణువులు ఎప్పుడూ దూసుకొస్తుంటాయి. భూమికి అయస్కాంత శక్తి ఉంది గనక వాటిలో కొన్ని చిక్కుకుని, భూమి చుట్టూ పట్టీల్లా తిరుగుతుంటాయి. 1958లో అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 ఈ సంగతి పట్టిచ్చింది. అందులో పెట్టిన గైగర్ కౌంటర్ అయోవా విశ్వవిద్యాలయంలో వాన్ ఆలెన్ బృందం చేసిందే. ఆ ఉపగ్రహం మొత్తం బరువు 14 కిలోలు. దక్షిణ అట్లాంటిక్ మీద, బ్రెజిల్ వైపు, ఆ పట్టీ బాగా కిందికి దిగుతుంది. అక్కడ ఉపగ్రహాల కంప్యూటర్లు లెక్క తప్పుతాయి. మనిషి అంతరిక్షంలో ఎన్నాళ్లుంటే అంత రేడియేషన్ ఒంటికి తగులుతుంది. అందుకే కొలవాలి.

కొలిచే పరికరం ఏదో బ్రహ్మపదార్థం అనుకునేరు. మొదటి ఆజాదీశాట్‌లో పెట్టింది పిన్ డయోడ్ కౌంటర్. వెలుగు సోకకుండా మూసిపెట్టిన చిన్న సిలికాన్ బిళ్ల. రేణువు దాన్లోంచి దూసుకుపోతే పిసరంత కరెంటు పుడుతుంది. అలా ఎన్నిసార్లు పుట్టిందో లెక్కపెట్టడమే పని. రేడియో విప్పి బాగుచేసే మన కుర్రోళ్లకి ఇది అందని విద్యా?

అలాగని చప్పట్లు కొట్టి ఊరుకోలేం. ఇలాంటి ప్రతి ఉపగ్రహం దగ్గరా ఒకటి అడగాలి: బొమ్మ గీసిందెవరు, ముక్కలు తగిలించిందెవరు? తగిలించడం కూడా చదువే, కాదనం. కానీ గీసే బల్ల దగ్గర మన పిల్ల కూచోకపోతే ఫొటోలో ముందు వరసలో నిలబెట్టి ఏం లాభం? 2010లో బెంగళూరు, హైదరాబాదు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కిలో బరువైనా లేని స్టడ్‌శాట్‌ని తామే గీసుకుని, చేసుకుని పంపారు. ఆ గడప మన పిల్లలూ తొక్కాలి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రాకెట్లు లేచే ఆ శ్రీహరికోట దీవి యానాదులు బతికిన చోటు. కేంద్రం కోసం వాళ్లని అక్కణ్ణుంచి కదిలించారు. 1971 అక్టోబరులో అక్కడ తొలి రాకెట్టు ఎగిరింది. నేల ఇచ్చినోళ్ల పిల్లలకి ఆ ఆకాశంలో వాటా ఎంత?

రేడియేషన్ కోసం ఆకాశం దాకా కూడా పోనక్కర్లేదు. మన భీమిలి తీరాన నల్లగా చారలు కట్టే ఇసకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు కొద్దిగా మోనజైట్ ఉంది. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, థోరియం రేడియేషన్ ఇస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. రేపు ఆ ఇసక తవ్వుతామని ఎవరొచ్చినా, ఎంత రేడియేషన్ ఉందో వాళ్లు చెప్పింది వినడమేనా? పైన తిరిగిన కౌంటర్ లాంటిదే మన హైస్కూలు పిల్లల చేతిలో ఉంటే మన లెక్క మన దగ్గరే ఉంటుంది.

విశాఖలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. స్వామి జ్ఞానానంద నాటి అణుభౌతిక ప్రయోగశాల ఉంది. ఆ ల్యాబు తలుపులు నెలకోసారైనా సాంఘిక సంక్షేమ హాస్టళ్ల పిల్లలకి తెరవాలి. వాళ్లని చూపించి పంపేయడం కాదు, పని చేయించాలి. డబ్బు లేదంటారా? 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నది ఎందుకు? ఆ నిధుల్లో ఒక కౌంటర్ ఖర్చు ఏపాటిది?

ముందుగా మన బళ్ల సంగతి చూద్దాం. ఈసారి స్కూలు కమిటీ మీటింగుకి తల్లులు, తండ్రులు పదిమంది కలిసి వెళ్లండి. సైన్సు ల్యాబు గది ఎక్కడుందో చూపించమనండి. తాళం ఎవరి దగ్గరుందో, ఈ ఏడు ఎన్నిసార్లు తీశారో అడిగి రాసుకోండి. ఆ కాయితాలన్నీ పట్టుకుని యూనివర్సిటీకి కలిసి వెళ్దాం.