కాన్ఫిగ్ ఫైలేమీ ఇంటల్లుడు కాదు

"కాన్ఫిగ్ ఫైలు మనం రాసుకున్నదేగా, దానికి కూడా వాలిడేషన్ ఎందుకండీ?" కోడ్ రివ్యూల్లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. యూజరు టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ దొంగని చూసినట్టు చూసేవాళ్ళు, కాన్ఫిగ్ ఫైలుని మాత్రం ఇంటల్లుడిలా నేరుగా లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెడతారు.

మా వైపు ఊళ్ళతోనే చెప్తాను. తాడేపల్లిగూడెం ఎస్టీడీ కోడు 08818, ఏలూరుది 08812. వీటిని జావాలో ఇంటిజర్‌గా చదివితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. సీ భాషలో స్ట్రింగుని సంఖ్యగా మార్చే ఫంక్షనుకి బేస్ 0 ఇస్తే ఇంకా ఘోరం. సున్నాతో మొదలైంది కాబట్టి ఆక్టల్ అనుకుంటుంది, 8 కనబడగానే ఆగిపోయి చేతిలో 0 పెడుతుంది. రెండు ఊళ్ళకీ అదే సున్నా! అంకెల్లో ఉన్నదల్లా సంఖ్య కాదు మహాప్రభో, ఎస్టీడీ కోడుని స్ట్రింగుగానే ఉంచండి.

ఇక కొల్లేటి పక్కన కైకలూరు. అందులో ఐత్వాన్ని యూనికోడులో ఒకే అక్షరంగానూ పెట్టొచ్చు, పైన ఎత్వం, కింద గుర్తు విడివిడిగా రెండుగానూ పెట్టొచ్చు. తెర మీద తేడా తెలీదు. పోల్చి చూస్తే మాత్రం రెండు వేరే ఊళ్ళు. ట్రిమ్ చేసి చేతులు దులుపుకుంటే చాలదు, ఎన్ఎఫ్‌సీలోకి నార్మలైజ్ చేశాకే పోల్చాలి.

పోనీ, నిన్న సరిగ్గా ఉన్న ఫైలు ఇవాళా సరిగ్గా ఉంటుందా? 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అప్పటిదాకా ఏలూరులో ఉన్న పశ్చిమ గోదావరి కలెక్టరేటు భీమవరం పోయింది. ఎవరూ ముట్టుకోని ఫైలు తెల్లారేసరికి తప్పైపోయింది.

వీటన్నిటికంటే దరిద్రం "దొరక్కపోతే డిఫాల్టు" అనే తెలివి. జిల్లా పేరు కలవలేదని కోడు చప్పుడు చెయ్యకుండా లిస్టులో మొదటి జిల్లా తీసుకుందనుకోండి. కొల్లేటి చేపల రైతు దరఖాస్తు ఇంకెక్కడో తేలుతుంది. లాగులో ఒక్క ఎర్రరూ ఉండదు. ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు, మనం ఏసీలో కూర్చుని "సిస్టమ్ బానే ఉందే" అంటాం.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. ప్రోగ్రాం మొదలవగానే ప్రతి విలువనీ చదవండి, ఉండాల్సిన వాటితో సరిచూడండి. తేడా ఉంటే ఏ ఫైలు, ఏ లైను, ఏం ఉంది, ఏం ఉండాలి అన్నది చెప్పి అక్కడే ఆపెయ్యండి. రిలీజు ఆగిందని మేనేజరు అరుస్తాడా? అరవనివ్వండి. ఆగిన సర్వర్ని ఓ గంటలో లేపొచ్చు. తప్పు జిల్లాకి పోయిన దరఖాస్తుల్ని వెనక్కి లాగడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆయన్నే చెప్పమనండి.