డబ్బు పడితే చాలదు, చేతికి రావాలి

తమ్ముడూ, చెల్లెమ్మా, ఈ నాలుగు మాటలు మీకోసమే. మీ చేతిలో ఫోన్ ఉంది. నాయుడుపేట పోయినా, సూళ్లూరుపేట పోయినా టీ తాగి క్యూఆర్ స్కాన్ చేసి వచ్చేస్తారు. మరి మీ కాలనీలో అవ్వ సంగతేంది? ఆమెకు డిజిటల్ డబ్బు అంటే ఒక చిన్న మిషను, దాని మీద పెట్టే బొటనవేలు. అంతే.

రెండూ డిజిటల్ చెల్లింపులే అంటారు. కానీ రెంటికీ చాలా తేడా ఉంది. 2016లో వచ్చిన యూపీఐలో స్క్రీన్ మీ చేతిలో ఉంటుంది. ఎంత పంపాలో మీరే కొడతారు, పిన్ మీరే వేస్తారు, మెసేజ్ మీకే వస్తుంది. అవ్వ వాడేది ఏఈపీఎస్, అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపు. అక్కడ స్క్రీన్ ఆపరేటర్ వైపు ఉంటుంది. అంకె కొట్టేది అతనే, బటన్ నొక్కేది అతనే. అవ్వ ఇచ్చేది ఆధార్ నంబరు, వేలిముద్ర.

లోపల జరిగేది కూడా తెలుసుకోండి. వేలు పెట్టగానే ఆ ముద్ర సరిపోయిందో లేదో ఆధార్ సంస్థ చెబుతుంది. మధ్యలో దారి చూపేది ఎన్‌పీసీఐ అనే సంస్థ. ముద్ర సరిపోతే అవ్వ ఖాతాలో తగ్గిన మొత్తం ఆపరేటర్ ఖాతాలోకి చేరుతుంది. అప్పుడతను తన పెట్టెలోని నోట్లు తీసి ఇవ్వాలి. అంటే కంప్యూటర్ పని అయిపోయాక ఇంకో అడుగు మిగిలి ఉంది. మనిషి చెయ్యి నుంచి మనిషి చేతికి నోటు మారాలి. "సర్వర్ డౌన్, రేపు రా" అనే మాట వినపడేది సరిగ్గా ఆ అడుగు దగ్గరే. ఆ మాట నిజమే కావచ్చు, అబద్ధమూ కావచ్చు. రసీదు లేకుండా తేల్చలేం.

ఇప్పుడు మనోళ్ల వేళ్లు చూడండి. పులికాట్‌లో పీతలు పట్టిన వేళ్లు, రొయ్యల గుంటల్లో, వరి మళ్లలో నానిన వేళ్లు, ఇటుక బట్టీల్లో అరిగిన వేళ్లు. ఎవరు ఎక్కువ కష్టం చేస్తారో వాళ్ల గీతలే ముందు చెరిగిపోతాయి. మిషను తప్పు చూపిస్తే తప్పు ఆ మనిషిదే అన్నట్టు చూస్తారు. కష్టం చేసినందుకే కూలి చేతికి రాకపోతే దాన్ని టెక్నికల్ ప్రాబ్లం అని వదిలేద్దామా?

అలాగని మిషను వద్దు, పాత రోజులే మేలు అనడం నా ఉద్దేశం కాదు. పాత రోజుల్లో మస్టర్‌లో మన పేరు ఉండేది, కూలి ఇంకొకరి జేబులో ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీని, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఇచ్చినప్పుడు 8 జిల్లాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2016లో అచ్చయింది. కూలి త్వరగా అందిందని, మధ్యలో కారిపోవడం తగ్గిందని తేలింది. కానీ ఒక సంగతి మరిచిపోవద్దు. అప్పుడు కార్డు లేనోళ్లకు పాత పద్ధతిలో చెల్లించడం ఆపలేదు. ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు తెరిచి ఉండేది.

2024 జనవరి 1 నుంచి ఉపాధి హామీ కూలికి ఆధార్ ఆధారిత చెల్లింపే తప్పనిసరి అన్నారు. ఇబ్బంది ఉన్న పంచాయతీలకు మినహాయింపు సంగతి కేసును బట్టి చూస్తామన్నారు. ఆ మినహాయింపు అడగాలని మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు? పైగా ఈ పద్ధతిలో డబ్బు, ఆధార్‌కు చివరగా ముడిపెట్టిన ఖాతాలోకి పోతుంది. మీ అమ్మ చేత ఎవరో ఎప్పుడో వేలు పెట్టించుకుని ఇంకో ఖాతా తెరిచి ముడిపెడితే, పాత పాస్‌బుక్ ఎంత తిరగేసినా పైసా కనపడదు. డబ్బు పడింది, పడిన చోటు మాత్రం ఆమెకు తెలియదు.

ఇంకో దారి అసాధ్యమేమీ కాదు. మన రాష్ట్రంలోనే చూడండి. 2024 జులై 1న పెంచిన 4,000 రూపాయల పింఛన్‌ను సచివాలయం ఉద్యోగులు ఇంటికి తెచ్చి నగదుగా ఇచ్చారు. రికార్డు కంప్యూటర్‌లో, నోట్లు చేతిలో. పింఛన్‌కు కుదిరింది కూలికి ఎందుకు కుదరదు? మన డిమాండ్ ఇదే. వేలు పడనోళ్లకు వేరే దారి, రాతపూర్వకంగా, ప్రతి పంచాయతీలో.

అది వచ్చేలోపు మనం చేయగలిగినవి ఉన్నాయి.

వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. "పడలేదు" అన్నా సరే, ఫెయిల్ అయిన రసీదు అడగండి. ఖాతాలో తగ్గి నోటు చేతికి రాకపోతే 5 రోజుల్లో వెనక్కి వేయాలని, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో చెప్పింది. జీరో బ్యాలెన్స్ ప్రాథమిక ఖాతాలో నెలకు కనీసం 4 సార్లు ఛార్జీ లేకుండా తీసుకోవచ్చు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాసివ్వండి. వాడని రోజుల్లో ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు, అది మీ ఫోన్‌లోనే అవుతుంది.

ఇంకొకటి, అన్నిటికంటే పెద్దది. అడ్వాన్సు ఇచ్చి ఏటీఎం కార్డు, పిన్ను, ఆధార్ తన దగ్గర పెట్టుకునే మేస్త్రి గానీ యజమాని గానీ ఉంటే దాన్ని సాయం అనుకోవద్దు. ఒకప్పుడు వేలిముద్ర వేయించుకుని కాగితం దాచేవాళ్లు, ఇప్పుడు కార్డు దాస్తున్నారు. అప్పు పేరుతో మనిషిని కట్టిపడేస్తే అది వెట్టి. 1976 చట్టం వెట్టిని రద్దు చేసింది, ఆ వెట్టి బాకీని కూడా కొట్టేసింది. కలెక్టర్‌కు, ఆర్డీవోకు అర్జీ పెట్టే హక్కు మనది.

చివరగా మీకే ఒక మాట. ఫోన్ ఉన్నోడివి కాబట్టి పది ఇళ్ల డబ్బు నీ నంబర్‌కే రావడం మొదలవుతుంది. పిన్నులు నీకే చెబుతారు. అక్కడే జాగ్రత్త తమ్ముడూ! పాత దళారీ పోయి ఆ చోట్లో నువ్వు కూర్చుంటే మారిందేముంది? అవ్వ పిన్ను అడగకు. ఆమె పక్కన నిలబడు. స్క్రీన్ మీద అంకె పైకి చదువు, రసీదు ఆమె చేతిలోనే పెట్టించు, నోట్లు ఆమెనే లెక్కపెట్టుకోనివ్వు.

జోహార్.