బరువు తగ్గితే పరుగు

పిల్లలూ, 1987లో అమెరికాలోని ఎఫ్‌టిఎల్ గేమ్స్ వారు "డంజన్ మాస్టర్" అనే కంప్యూటర్ ఆట విడుదల చేశారు. ఒకదాని కింద ఒకటిగా 14 అంతస్తుల నేలమాళిగ. అందులో మనమే నడుస్తున్నట్టు ఎదుట గోడలూ, తలుపులూ కనిపిస్తాయి. 24 మంది వీరులలో నలుగురికి మించకుండా ఎంచుకుని, లార్డ్ కేయాస్ అనే దుష్టుణ్ణి జయించాలి.

ఈ ఆటను అతి తక్కువ కాలంలో ముగించాలని పోటీపడేవాళ్ళున్నారు. దీన్ని "స్పీడ్‌రన్" అంటారు.

దొరికిన కత్తీ, కవచమూ అన్నీ మోసుకుపోతే మంచిదనుకుంటాం, అవునా? కాని మోత మించితే నడక మందగిస్తుంది. అంతా కలిసే నడవాలి గనక, ఒక్కడి బరువు నలుగురినీ వెనక్కు లాగుతుంది! అందుచేత అక్కరకు వచ్చేదే ఉంచుకుని తక్కినది వదిలెయ్యాలి.

అక్కరకు వచ్చేదేదో తెలిసేదెలా? ఏ మీట ఏ తలుపు తెరుస్తుందో, ఏ గోతిలో దూకితే కింది అంతస్తు చేరతామో ముందు నిదానంగా తిరిగి నేర్చుకోవాలి. నిదానంగా నేర్చినవాడే వేగంగా పరుగెత్తగలడు.

రేపు బడికి బయలుదేరేముందు మీ పుస్తకాల సంచీ ఒకసారి విప్పి చూడండి. అందులో రేపటి పాఠాలకు పనికిరానివి ఎన్ని ఉన్నాయి?