రేకుల కింద పెరిగినోళ్లం అడుగుతున్నాం

పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం నలుగురం కలిసి మేం చదివిన ఆశ్రమ పాఠశాలకి వెళ్లాం. గాలివానకి పగిలిన సిమెంటు రేకులు మారుస్తున్నారు. పైన ఒకాయన కటింగ్ మిషన్‌తో రేకు కోస్తుంటే తెల్లటి పొడి ట్రంకు పెట్టెల మీద, దుప్పట్ల మీద పడుతోంది. ఆరో తరగతి పిల్లలు చీపుర్లతో ఆ పొడి ఊడుస్తున్నారు. మూతికి గుడ్డ లేదు. కోసే ఆయనకీ లేదు. ఆపమని అడిగితే అక్కడున్న సారు నవ్వి, "మీరూ దీని కిందే చదివి డిగ్రీకి పోయారు కదా, ఏమైంది మీకు?" అన్నారు.

ఏమైందో ఇప్పుడే తెలీదు సార్. భయమంతా అదే.

సిమెంటు రేకులో ఉండేది ఒట్టి సిమెంటు కాదు. చాలా రేకుల్లో ఆస్‌బెస్టాస్, అంటే రాతినార కలుపుతారు. రేకు గట్టిగా ఉన్నంతకాలం ఆ నార అందులో బిగుసుకుని ఉంటుంది. కోసినా, బెజ్జం వేసినా, పగిలినా, పాతబడి పైపొర రాలినా కంటికి కనబడని నారలు గాలిలో కలుస్తాయి. పీలిస్తే ఊపిరితిత్తుల్లో దిగబడిపోతాయి. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. జబ్బు బయటపడడానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టొచ్చు. ఇవాళ ఊడ్చిన పిల్లాడు నలభై దాటాక ఆయాసంతో ఆసుపత్రికి పోతే, "బీడీ తాగుతావా?" అని అడుగుతారు. "ఏ హాస్టల్లో చదివావు?" అని ఎవరడుగుతారు?

టౌను పిల్లాడు సాయంత్రం బడి నుంచి ఇంటికి పోతాడు. మన పిల్లలకి చాలా చోట్ల పగలు క్లాసు, రాత్రి పడక ఒకే గది. రోజంతా అదే గాలి.

60కి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. మన దేశంలో కొత్త గనుల లీజులు 1986లోనే ఆపారు, వాడకం మాత్రం ఆపలేదు. రష్యా లాంటి దేశాల నుంచి తెప్పిస్తూనే ఉన్నారు. జార్ఖండ్‌లో చాయిబాసా దగ్గర రోరో కొండల్లో, హో ఆదివాసీల నేల మీద దీన్ని తవ్వుకుని 1983లో వదిలేసి పోయారు. వ్యర్థాల గుట్టలు అక్కడి జనానికి మిగిలాయి. తవ్విన చోటా మనవాళ్లే, కప్పిన చోటా మనవాళ్లే.

"గుడిసెల్లో పుట్టినోళ్లకి ఇదైనా దొరికింది" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మన తాతల గడ్డికప్పు వానకి కారిందేమో గానీ ఊపిరితిత్తుల్లో ఇలాంటి నార దించలేదు. కేరళలో 2009లోనే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ బడుల మీద ఈ రేకులు తీసి పెంకులు వేయమంది. అక్కడి పిల్లల ఊపిరి విలువ మన పిల్లల ఊపిరికి లేదా?

రేపే అన్నీ పీకేయమని మేం అనట్లేదు. అడ్డదిడ్డంగా పీకితే ఇంకా ప్రమాదం. అడిగేది నాలుగే:

1. హాస్టళ్లకి కొత్తగా ఆస్‌బెస్టాస్ రేకు వేయొద్దు. స్లాబో, పెంకులో వేయండి.
2. పాత రేకులు సెలవుల్లోనే మార్చండి. నీళ్లతో తడిపి, కోయకుండా, పగలకుండా దించండి. పనివాళ్లకి సరైన మాస్కులివ్వండి.
3. ఆ పొడిని పిల్లల చేత ఊడిపించొద్దు. పొడి చీపురు అసలే వద్దు, తడిగుడ్డతో తుడవాలి.
4. ఏ హాస్టల్ మీద ఏ రేకు ఉందో జాబితా బయటపెట్టండి.

పగిలిన రేకు ముక్కల్ని మనమే క్రికెట్ వికెట్లు చేసుకున్నాం, బాత్రూముకి అడ్డం పెట్టాం. చెప్పినవాళ్లు లేరు. మన అమ్మానాన్నలకి చదువు లేక అడగలేకపోయారు. మనకి చదువొచ్చింది. ఇంకా నోరు మూసుకుంటే ఆ తప్పు మనదే.

అన్నలూ, అక్కలూ, మీ హాస్టల్ పైకప్పు ఫొటో తీసి పెట్టండి. పిల్లల ముఖాలు పడకుండా చూడండి. అన్నీ కలిపి ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగుదాం. మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ రాత్రి కూడా ఆ రేకుల కిందే పడుకుంటారు.

జై ఆదివాసీ.