కూపర్స్‌టౌను యాత్ర

బేస్‌బాలు వీరుల కీర్తిమందిరము అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి కూపర్స్‌టౌనున నున్నది. ఆ గ్రామవాసులు రెండువేలమందియైన లేరు. 2007వ సంవత్సరమున రిప్కెన్, గ్విన్ అను నిరువురు క్రీడాకారులను మందిరమున జేర్చుకొన్న యుత్సవమునకు వచ్చినవారో, సుమారు 75,000! కావున జూలై మాసాంతమున జరుగు నీ యుత్సవమునకు బోదలచువారు నెలల ముందుగనే బస కుదుర్చుకొనవలెను. సభాస్థలి పచ్చికపై గూర్చుండుటకు రుసుము లేదు. కుర్చీ మాత్రము వెంట గొనిపోవుట మేలు.

అయితే ఆదివారపు సభతోడనే యాత్ర ముగింపవలదని మా మనవి. వీరుల ఫలకములున్న శాలకు తీరికగా నొక దినము కేటాయింపుడు. 1839లో డబుల్‌డే యనునతడు ఈ యాట నచ్చటనే కనిపెట్టెనను కథనుబట్టియే 1939లో మందిర మచ్చట వెలసినది. ఆ కథకు న్యాయస్థానమున నిలుచు సాక్ష్యము లేదు. పోనిండు, దాని వలన నెవ్వరికిని హాని లేదు. సాచెల్ పేజ్ కథ యట్టిది కాదు. బంతి విసరుటలో మేటియైన యాతనిని, నల్లజాతివాడను కారణమున, 1948 వఱకు పెద్ద లీగులలో నాడనీయరైరి. 1971లో మందిరమున జేర్చునప్పుడును వేఱొక విభాగమున నుంచుదుమని యధికారులు ప్రకటించిరి! ప్రజలు గర్హించిన పిదపనే యా వెలి తొలగెను. ఆతని ఫలకము నేడు తక్కినవారి ఫలకములతో నొక్క శాలయందే యున్నది. సోమవారమున జనము పలుచబడిన పిదప దానిని జూచి రండు.